పేరు పెట్టలేదుగా

ఆ బిల్డింగులో ఎవరింట్లో ఏం జరుగుతోందో తెలుసుకోవాలంటే తలుపు కొట్టనక్కర్లేదు, ఫోను తెరిస్తే చాలు. మొదటి అంతస్తు బ్యాంకావిడ ఊరికి బయల్దేరిందంటే సూట్‌కేసు ఫొటో, విమానం టిక్కెట్టు ఫొటో, ఆఖరికి తలుపుకి వేసిన తాళం ఫొటో కూడా వరసగా ఎక్కించేది. "వారం పాటు ఇంటి గోల లేదు, హాయి!" అని కింద ఒక ముక్క. ఇక దొంగలకి కారు పంపించడం ఒక్కటే తక్కువ. ఆవిడ పక్కింటి ఇన్సూరెన్సాయన పొద్దున్నే పరుగెత్తి, ఎక్కడ మొదలెట్టి ఎక్కడ ఆగాడో గీత గీసిన మ్యాపు పెట్టేవాడు. ఆ గీత రోజూ ఆయన గుమ్మంలో మొదలై ఆయన గుమ్మంలోనే ఆగేది. పిల్లల మార్కులు, పెద్దల ఎక్స్‌రేలు, మొగుడూ పెళ్లాల అలకలు, అలక తీరాక కేకు తినిపించుకుంటున్న ఫొటోలు, అన్నీ బజార్లోనే. అదే మెట్ల దగ్గర ఒక కెమెరా పెట్టిద్దామని వాచ్‌మన్ అడిగితే మాత్రం, "మా ప్రైవసీ ఏం కావాలి?" అని అందరూ కలిసి అతని మీద పడ్డారు.

వీళ్లని చూసి ఒళ్లు మండి, ఆ మంటలోనే కడుపుబ్బ నవ్వుకునే మనిషి ఒకతె అదే బిల్డింగు మూడో అంతస్తులో ఉండేది. వీధి మలుపులోని మందుల షాపులో ఫార్మసిస్టు ఆమె. జాగ్రత్తలో ఆమె తర్వాతే ఎవరైనా. సొంత ఫొటో ఎక్కడా పెట్టలేదు. పుట్టినరోజు అడిగిన ప్రతి యాప్‌కీ ఒక్కో తప్పుడు తేదీ ఇచ్చింది. ల్యాప్‌టాప్ కెమెరా మీద షాపులోంచి తెచ్చిన ప్లాస్టరు ముక్క అంటించింది. ఆమె కుర్చీలో కునుకు తీస్తున్న ఫొటోని భర్త ఒకసారి స్టేటస్‌లో పెడితే, ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగలేదు. "బుద్ధుందా మీకు? ఒకసారి పైకెక్కిన ఫొటో మళ్లీ కిందికి దిగుతుందా?" అని ఆమె చేసిన రభసకి ఆయన ఆ యాప్‌నే తీసి పారేశాడు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆమె వైపు ఫోను ఎత్తలేదు.

షాపు పద్ధతి కూడా ఆమెకి తగినట్టే ఉండేది. అక్కడ మందు పేరు పైకి అనకూడదు. చీటీ తీసుకోవడం, మందు తెచ్చి చీటీ పక్కన పెట్టడం, ఎప్పుడెప్పుడు వేసుకోవాలో కవరు మీద రాసి వేలితో చూపించడం, అంతే. మొలల మందయినా దగ్గు మందయినా ఒకే రకం ఖాకీ కవరు. అంతకుముందు కౌంటర్లో పనిచేసినామె నలుగురి మధ్యా ఒక పెద్దమనిషిని, "ఈ పేల మందు మీకా, పిల్లలకా?" అని గట్టిగా అడిగినందుకు ఓనరు ఆ సాయంత్రమే ఆమెని ఇంటికి పంపించేశాడు. "మందుల షాపువాడికి నోరుండకూడదమ్మా" అనేవాడాయన. ఫార్మసిస్టు ఎంతో గంభీరంగా తల ఊపేది.

నోరు లేదు, నిజమే. వేళ్లున్నాయి కదా. ఆ వేళ్లతో ఆమె 'చేదుగోళీ' అని ఒక పేజీ నడిపేది. మొదట్లో అది బిల్డింగు వాళ్ల కోసం పెట్టింది. విమానం టిక్కెట్టు అంటించేవాళ్ల మీద, గుమ్మం దగ్గర్నుంచి మ్యాపు గీసేవాళ్ల మీద నాలుగేసి వాక్యాల చురకలు. జనం నవ్వారు, కానీ తొందరగానే విసుగెత్తారు. అప్పుడు ఆమె కళ్లు కౌంటరు మీద పడ్డాయి. జుట్టు మొలిచే మందు కొంటూ "మా తమ్ముడికండీ" అని చెప్పే టోపీ ఆయన గురించి రాసింది. ఆ తమ్ముడి తల నిండేదాకా ఈయన టోపీ తియ్యనని మొక్కుకున్నాడట. లావు తగ్గే పొడి డబ్బా కొని, ఆ బరువు మొయ్యలేక ఆటో పిలిచే ఆవిడ గురించి రాసింది. ఇంక చూస్కోండి, జనం ఎగబడ్డారు.

"పాపం కదా" అని ఎవరైనా కామెంటు పెడితే ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "నేనెవరికీ పేరు పెట్టలేదుగా!" మన భాషలో పేరు పెట్టడమంటే మనిషిని పిలుచుకోడానికి పెట్టేదీ అదే, వంక పెట్టేదీ అదే. మొదటి లెక్కలో ఆమె ఒక్కరికీ పేరు పెట్టలేదు. రెండో లెక్కలో ఆ కౌంటరుకి వచ్చిన వాళ్లలో ఆమె పేరు పెట్టనివాళ్లు లేరు. ఆ తేడా ఆమెకి తెలియదనుకోవడానికి లేదు, తెలిసీ తెలియనట్టుండటం హాయిగా ఉండేది.

బిల్డింగు పై అంతస్తులో ఒక పాటల టీచరు ఉండేది. ఒంటరి మనిషి, యాభై దాటింది. ఎండాకాలంలో కూడా గొంతుకి ఆకుపచ్చ మఫ్లరు చుట్టుకునేది, జుట్టు చెవుల మీదికి దించి దువ్వుకునేది. సాయంత్రమయ్యేసరికి ఆమె ముందుగది పిల్లలతో నిండిపోయేది. కీబోర్డు ముందు ఆమె, చుట్టూ ప్లాస్టిక్ కుర్చీల్లో పిల్లలు, గుమ్మం బయట ఒకదాని మీద ఒకటి ఎక్కిన చెప్పుల జతలు. ఆవిడవి పాము చెవులని చెప్పుకునేవాళ్లు. వంటింట్లో ఉండి కూడా ముందుగదిలో ఏ పిల్ల శ్రుతి తప్పిందో పేరు పెట్టి పిలిచి చెప్పేస్తుందట.

ఒకరోజు మధ్యాహ్నం ఓనరు భోజనానికి వెళ్లినప్పుడు, షాపు ఖాళీగా ఉన్నప్పుడు, ఆ టీచరు వీధి అటూ ఇటూ చూసుకుని లోపలికొచ్చింది. చేతిలో మడత పెట్టిన రుమాలు. అందులోంచి చొక్కా గుండీ కంటే చిన్నదైన బిళ్ల ఒకటి తీసి కౌంటరు మీద పెట్టింది. చెవి మెషిన్ బ్యాటరీ. ఫార్మసిస్టు షాపు పద్ధతి ప్రకారం ఏమీ అనకుండా సొరుగు లాగి, అదే సైజు బ్యాటరీలున్న అట్ట తెచ్చి ముందు పెట్టింది. ఖాకీ కవర్లో వేసింది. టీచరు కవరు తీసుకుంది కానీ కదల్లేదు.

"ఒక చెవి ఎప్పుడో పోయిందమ్మా. రెండోది ఈమధ్య మొరాయిస్తోంది" అంది. "మెషిన్ పెట్టుకుంటే బాగానే వినపడుతుంది. పాఠానికేం ఇబ్బంది లేదు. కానీ తల్లిదండ్రులకి ఈ ముక్క తెలిసిందా, మర్నాడు ఒక్క పిల్ల రాదు. చెవిటిది పాట నేర్పడమేంటంటారు. నాకు ఇంకో పని రాదమ్మా. ఈ పాఠాలు పోతే నేను బతకలేను."

"నా దగ్గర్నుంచి బయటికి పోదు టీచర్‌గారూ. మా షాపు సంగతి మీకు తెలుసుగా."

"తెలిసే వచ్చాను. ఎక్కడో దూరంగా కొనుక్కుందామనుకున్నాను. మళ్లీ, నువ్వు మన బిల్డింగు పిల్లవి కదా, నీకు చెప్పుకుంటే తప్పేంటనిపించింది" అని ఆమె పెదవుల వైపే చూస్తూ నవ్వింది టీచరు.

ఆ మాట ఇచ్చినప్పుడు ఫార్మసిస్టు మనస్ఫూర్తిగానే ఇచ్చింది. అసలు ఒళ్లు మండే సంగతి అదే. ఓనరు తిరిగొచ్చి "ఎవరైనా వచ్చారా?" అంటే, "ఎవరూ రాలేదు సార్" అంది.

తర్వాత కొన్నాళ్లకి పేజీ కళ తప్పింది. టోపీ ఆయన ఊరు మారిపోయాడు, లావు పొడి ఆవిడ నిజంగానే చిక్కిపోయి అక్కరకు రాకుండా పోయింది. పెట్టిన పోస్టుకి మునుపటి నవ్వులు రావడం లేదు. స్కూళ్లకి సెలవున్న ఒకరోజు పొద్దున, షాపుకి వెళ్లేముందు ఆమె బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే, పైనుంచి కొత్తగా చేరిన పిల్లలు ఏదో పాట అందుకున్నారు. తలో దారిన పోతున్నారు. వింటూ వింటూ ఉండగా ఆమెకి ఒక వాక్యం తట్టింది. తట్టిన వాక్యాన్ని మింగే అలవాటు ఆమెకి లేదు. తడి చేతులు పైటకి తుడుచుకుని, క్లిప్పులు నోట్లోనే పెట్టుకుని, అక్కడే నిలబడి రాసేసింది.

"మా కౌంటరుకి ఒక పాటల టీచరమ్మ వస్తుంది. గొంతుకి ఏడాది పొడుగునా నీలం మఫ్లరు, చెవులు కప్పేసే జుట్టు. కొనేదేంటో తెలుసా? చెవి మెషిన్ బ్యాటరీలు! పైనుంచి ఆ పిల్లల పాట వినపడినప్పుడల్లా ఈవిడ ఎలా భరిస్తుందా అనుకునేదాన్ని. ఇప్పుడర్థమైంది. ఆవిడ మెషిన్ తీసి పక్కన పెడుతుంది. వినే ఖర్మ మనది."

ఆకుపచ్చ మఫ్లరుని నీలం చేసింది. అదీ ఆ టీచరు కోసం ఆమె తీసుకున్న జాగ్రత్త. బట్టలన్నీ ఆరేసి లోపలికి వచ్చేసరికి నవ్వులు కుప్పలు తెప్పలుగా వచ్చి పడ్డాయి. "ఇంత నవ్వి ఎన్నాళ్లయిందో", "కడుపు నొప్పి పుడుతోంది, గోళీ పంపించండి" అని కామెంట్లు. "ఎవరండీ ఈ టీచరు?" అని అడిగినవాళ్లకి ఆమె, "గోప్యత ముఖ్యం కదండీ" అని పెట్టి, పక్కన ఒక కన్నుగీటే బొమ్మ కూడా పెట్టింది.

ఇక ఇక్కడ ఆమె అత్తగారి సంగతి చెప్పాలి. ఆవిడకి కొడుకు ఈమధ్యే కొత్త ఫోను కొనిచ్చాడు. ఆవిడ దృష్టిలో ఫోనులో రాసేదంతా ఉత్తరమే. ఎవరి ఫొటో కింద ఏం రాసినా పైన పిలుపు, కింద సంతకం ఉండాల్సిందే. బిల్డింగులో చిన్నా పెద్దా అందరూ ఆవిడని అత్తయ్యా అనే పిలుస్తారు. ఆవిడ కూడా ఆడవాళ్లందర్నీ, జుట్టు నెరిసినవాళ్లతో సహా, అమ్మాయ్ అనే పిలుస్తుంది. కిందికెళ్లే ప్రతి అమ్మాయినీ పాలు తెమ్మని అడుగుతుంది. ఆ మధ్యాహ్నం ఆవిడ ఫోనులో, "వీరు మీకు తెలిసినవారు కావచ్చు" అంటూ ఒక పేజీ కనపడింది. కోడలు ఆ పేజీ తెరిచినప్పుడు పుట్టినరోజు దొంగది ఇచ్చింది, పేరు దొంగది ఇచ్చింది, ఫోను నంబరు మాత్రం అసలుది ఇచ్చింది. ఆ నంబరు ఎవరి ఫోనులో ఉంటే వాళ్లకి ఆ యాప్ చేదుగోళీని తీసుకెళ్లి పరిచయం చేస్తుందని ఆమె ఊహించలేదు. అత్తగారు పోస్టు చదివింది. భోజనాల దగ్గర రోజూ వినే మాటతీరే కాబట్టి ఎవరు రాశారో ఇట్టే పోల్చుకుంది. పోల్చుకుని, కింద జవాబు రాసింది.

"అమ్మాయ్, ఇది మన పై అంతస్తు పాటల టీచరే కదూ? ఆవిడ మఫ్లరు ఆకుపచ్చది కదా, నీలం అని రాశావేం? ఆవిడకి చెవుడని నాకు తెలీదు సుమా. పాపం. వచ్చేటప్పుడు పాలు తీసుకురా. ఇట్లు, అత్తయ్య."

షాపులో రద్దీ తగ్గి ఫోను తీసేసరికి ఫార్మసిస్టుకి ఆ జవాబు కనపడింది. కామెంటు తీసేసింది, పోస్టు తీసేసింది. ఏం లాభం? అప్పటికే దాన్ని ఎవరో ఫొటో తీసి బిల్డింగు గ్రూపులో పెట్టారు. అక్కడ్నుంచి అది పిల్లల తల్లుల గ్రూపుకి పోయింది. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా అత్తగారి మీద పడింది.

"అత్తయ్యా! అక్కడెందుకు రాశారు?"

"నీకే కదమ్మా రాశాను. పైన అమ్మాయ్ అని పెట్టాను, కింద ఇట్లు అని పెట్టాను. పాలు తెచ్చావా?"

"అది ఉత్తరం కాదత్తయ్యా! ఊరంతా చదువుతారు!"

"నువ్వు రాసింది మాత్రం చదవరా?"

"నేను పేరు పెట్టలేదుగా!"

"పేరొక్కటే పెట్టలేదు" అంది అత్తగారు, కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంటూ. "మఫ్లరు పెట్టావు, జుట్టు పెట్టావు, పైనుంచి పాట వినపడుతుందని పెట్టావు. ఇంకా పేరెందుకే దానికి?"

ఫార్మసిస్టు వెళ్లి తలుపు దగ్గరికి వేసి వచ్చింది. "ఆ పేజీ నాదని మాత్రం ఎవరికీ చెప్పకండి. మా ఓనరుకి తెలిస్తే ఆ పూటే పంపించేస్తాడు. అమ్మాయ్ అంటే ఎవరని అడిగితే గుర్తులేదనండి" అని బతిమాలింది.

"ఎవరూ అడగర్లే" అంది అత్తగారు. "చెవుడు ఎవరికో తెలిసిపోయాక, రాసిందెవరో ఎవడిక్కావాలి?"

అలాగే జరిగింది. ఆవిడకి బిల్డింగు నిండా అమ్మాయిలే కాబట్టి ఏ అమ్మాయో తేలలేదు, తేల్చుకోవాలని ఎవరికీ తోచలేదు కూడా. అందరి ధ్యాసా పై అంతస్తు మీదే. బ్యాంకావిడ అందరికంటే ముందు కళ్లు తుడుచుకుంది. కిందటేడు కార్యక్రమంలో తన కొడుకు టీచరు పక్కన నిలబడి పాడుతున్న ఫొటో వెతికి పెట్టి, "వినలేని లోకంలోంచి మాకు పాటనిచ్చిన గురువుగారి ధైర్యానికి వందనం" అని రాసింది. దండాలు, గుండెలు, కన్నీళ్లు వరసగా పడ్డాయి. మర్నాడు పొద్దున్నే అదే చేత్తో టీచరుకి మెసేజి పెట్టింది, బాబుకి లెక్కల ట్యూషన్ టైమ్ మారింది, ఇక పాటకి కుదరదని. ఇన్సూరెన్సాయన తన కూతురికి పరుగు నేర్పాలనుకుంటున్నాడు. ఇంకొకళ్ల పిల్లకి ఉన్నట్టుండి గొంతు నొప్పి. ఎవరి సాకు వాళ్లదే, ఒకరి సాకు ఇంకొకరు వాడుకోకుండా జాగ్రత్తపడ్డారు. చెవుల మాట మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. మర్యాదస్తులు కదా!

సాయంత్రాలు పైనుంచి వచ్చే పాట సన్నబడుతూ వచ్చింది. గుమ్మం ముందు చెప్పులు తగ్గాయి. కొన్నాళ్లు ఒక్క పిల్లాడి గొంతే వినపడింది, ఆ తర్వాత అదీ ఆగిపోయింది.

ఫార్మసిస్టుకి కోపం వచ్చింది. ఎవరి మీదనుకున్నారు? ఆ తల్లిదండ్రుల మీద. ఒక చేత్తో దండం పెట్టి ఇంకో చేత్తో పిల్లల్ని మాన్పించే ఈ దొంగభక్తుల్ని ఊరికే వదలకూడదనుకుంది. కూర్చుని అదే పేజీలో పెద్ద పోస్టు రాసింది. రాతలో ఆమె చెయ్యి తిరిగిన మనిషి, కాదనడానికి లేదు. మనుషుల్లో మానవత్వం చచ్చిపోయిందంది, చెవులున్న చెవిటివాళ్లంది. ఆ పోస్టుకి వచ్చినన్ని మెప్పులు అంతకుముందు దేనికీ రాలేదు. "మీలాంటి మనసున్నవాళ్లు ఉండబట్టే లోకం ఇంకా నడుస్తోంది" అని ఎవరో రాస్తే ఆమెకి నిజంగానే కళ్లు చెమర్చాయి. ఆ రెండు రోజులూ తనేదో మంచిపని చేసినట్టు తేలిగ్గా తిరిగింది.

మూడో రోజు షాపులో ఓనరు కళ్లద్దాల మీంచి చూస్తూ అడిగాడు. "ఆ పాటల టీచరు సంగతి విన్నావా? ఎవరో పేజీలో రాశారట. ఆవిడ మన దగ్గరెప్పుడైనా ఏమైనా కొన్నదా?"

"గుర్తులేదు సార్."

"మన దగ్గర్నుంచైతే పోదులే. నువ్వుండగా నాకా బెంగ లేదు. ఇలా నోరు కట్టుకునే మనిషి దొరకడం కష్టమమ్మా ఈ రోజుల్లో" అని ఆయన మళ్లీ మాత్రల స్ట్రిప్పులు కత్తిరించుకోవడంలో పడ్డాడు. ఆమె సొరుగులు సర్దుతున్నట్టు అటు తిరిగి నిలబడింది. చెవులు వేడెక్కిపోయాయి.

ఆ సాయంత్రం బిల్డింగు గ్రూపులో ఒక ప్రకటన వచ్చింది. "కీబోర్డు అమ్మకానికి ఉంది. పాతదే కానీ బాగా పలుకుతుంది. పిల్లల కుర్చీలు కూడా ఉన్నాయి. పై అంతస్తులో అడగండి." కింద బ్యాంకావిడ ఒక ఏడుపు బొమ్మ పెట్టింది. ఇన్సూరెన్సాయన కుర్చీలు గట్టివేనా అని అడిగాడు. ఫార్మసిస్టు ఆ ప్రకటన మళ్లీ మళ్లీ చదివింది. ఈసారి వాక్యం ఏదీ తట్టలేదు. లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లెక్కి పైకి వెళ్లింది.

తలుపు తెరిచే ఉంది. కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి గోడకి చేర్చి ఉన్నాయి. టీచరు తడిగుడ్డతో కీబోర్డు మీటల మధ్య దుమ్ము తుడుస్తోంది. మఫ్లరు లేదు. జుట్టు వెనక్కి ముడేసుకుంది. రెండు చెవులూ బయటికి కనపడుతున్నాయి, రెండింటిలోనూ ఏమీ లేదు. ఎవరో వచ్చిన నీడ పడితే తలెత్తింది. లోపలికి రమ్మనలేదు, లేచి గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

"మెషిన్ తీసేశాను. వినాల్సిందేం లేదుగా ఇప్పుడు" అంది. "నా మొహంలోకి చూస్తూ మాట్లాడు, పెదవులు చూసి తెలుసుకుంటాను."

"టీచర్‌గారూ, ఆ పోస్టు..."

"నువ్వేనని నాకు మొదటిరోజే తెలుసమ్మా. నీకు తప్ప ఎవరికి చెప్పాను కనక?"

ఫార్మసిస్టు గొంతు తగ్గించి, మెట్ల వైపు ఓసారి చూసి, మళ్లీ ఆమె వైపు తిరిగింది. "తప్పయిపోయిందండీ. తీసేశాను దాన్ని. కావాలంటే అదంతా అబద్ధమని రాస్తాను."

"అబద్ధం కాదుగా. నాకు చెవుడే."

"పోనీ పిల్లల తల్లిదండ్రులతో నేను మాట్లాడతాను."

"మాట్లాడి ఏం చెప్తావు? నా చెవులు బాగయ్యాయని చెప్తావా?"

"మరి నన్నేం చెయ్యమంటారు?"

టీచరు చేతిలోని గుడ్డని నాలుగు మడతలు పెట్టింది. "నీ పేరు పెట్టు" అంది. "ఆ పేజీ మీద నీ పేరు పెట్టు, నీ ఫొటో పెట్టు, నువ్వు పనిచేసే షాపు పేరు పెట్టు. బ్యాటరీలు అమ్మిన చేత్తోనే ఆ ముక్క రాశానని రాయి. నా పిల్లలు తిరిగి రారు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ రేపు ఇంకొకళ్లు రుమాల్లో ఏదో చుట్టుకుని నీ కౌంటరుకి వస్తారు. వాళ్లెవరి దగ్గరికి వస్తున్నారో వాళ్లకి తెలియాలి కదా."

సాయంత్రం కావడంతో మెట్ల మీద అలికిడి మొదలైంది. కింద ఎక్కడో ఇన్సూరెన్సాయన బూట్ల లేసులు కట్టుకుంటూ దగ్గుతున్నాడు. లిఫ్టు దగ్గర బ్యాంకావిడ ఫోనులో ఎవరితోనో నవ్వుతోంది. ఫార్మసిస్టుకి ఓనరు మొహం కళ్ల ముందు మెదిలింది. ఆమె తల వంచుకుని, గచ్చు వైపు చూస్తూ అంది.

"నా ఉద్యోగం పోతుందండీ."

"తల దించుకుంటే నాకెలా తెలుస్తుంది? ఏమన్నావు?"

"నా ఉద్యోగం పోతుందండీ."

"వినపడలేదమ్మా."

తలెత్తి చెప్తే సరిపోయేది. కానీ ఆ కళ్లలోకి చూస్తూ ఆ మాట అనడం కంటే గొంతు పెంచడమే ఆమెకి తేలికనిపించింది.

"నా ఉద్యోగం పోతుందండీ!"

మాట మెట్ల గోడలకి తగిలి అంతస్తు అంతస్తూ దిగింది. కింద నవ్వు ఆగింది, దగ్గు ఆగింది. తను ఏ గుమ్మంలో నిలబడి, ఎవరితో ఆ మాట అంటోందో ఆమెకి అప్పుడు వినపడింది.

"ఇప్పుడు వినపడింది" అంది టీచరు. "నాది పోయింది."

కోపంగా అనలేదు, వేళెంతయిందో చెప్పినట్టు అంది. అని లోపలికెళ్లి కీబోర్డు ముందు కూర్చుని, వదిలేసిన చోట నుంచి మళ్లీ తుడవడం మొదలుపెట్టింది. తలుపు కూడా వెయ్యలేదు.

కింది మలుపులోంచి బ్యాంకావిడ మెడ పైకెత్తింది. "ఏమైందండీ? ఎవరి ఉద్యోగం పోతుందంట?" అంది. ఫోను అప్పటికే పైకి తిప్పి పట్టుకుంది.

"ఎవరిదో లెండి" అని ఫార్మసిస్టు మొహానికి పైట అడ్డం పెట్టుకుని మెట్లు దిగింది.